అడిగితే తప్పేంది? – 61వ వరుసలో ఉన్న అక్షరం

పోయిన నెల ఈ పేజీలో జీన్ బ్యాంకుల గురించి నాలుగు ముక్కలు రాసిన. జీవుల డీఎన్‌ఏను ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాల్లో రాసి దాచిపెట్టే ఇంటర్నెట్ ఖజానాలు అవి. రాసినప్పుడు ఎవరు చదువుతరులే అనుకున్న. ఉత్తరాలు, వాట్సప్ మెసేజులు కలిపి సంచి నిండినయి. మెచ్చుకున్నవన్నీ మా ఇంటాయనకు చదివి వినిపించిన, వాటితో మీకు పని లేదు. అడిగినవాటిలో అయిదింటికి ఇక్కడ జవాబు రాస్తున్న. నేను జువాలజీ చెప్పినదాన్ని, 27 ఏండ్లు హన్మకొండలో బోర్డు మీద సుద్దముక్క అరగదీసిన. కంప్యూటర్ నాకు నలభై దాటినంక వచ్చిన విద్య. అందుకే బటన్ ఎక్కడున్నదో కూడా చెప్తా, విసుక్కోకండి.

ఉట్నూర్ నుంచి డిగ్రీ విద్యార్థిని: "నేను ఉట్నూర్ దగ్గర ఊర్లో ఉంట. డిగ్రీ బీజెడ్‌సీ రెండో సంవత్సరం. మా పెద్దమ్మ కొడుకుకు సికిల్ సెల్ అనే రక్తరోగం ఉన్నది. నెలకోసారి కాళ్లు పట్టుకొని ఏడుస్తడు. ఒక్క అక్షరం మారితే ఈ రోగం వస్తదని మా మేడం చెప్పిన్రు. ఆ అక్షరాన్ని నా ఫోన్‌లో చూడొచ్చా? పైసలు కట్టాల్నా? నాకు ఇంగ్లిష్ అంత రాదు."

చూడొచ్చు బిడ్డా. ఒక్క పైసా వద్దు. లాగిన్, పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు.

ఫోన్‌లో ఎన్‌సీబీఐ అని వెతుకు. అమెరికా వాళ్ల ప్రభుత్వ వైద్య గ్రంథాలయం నడిపే సైటు తెరుచుకుంటది. పైన వెతికే పెట్టె ఉంటది, దాని పక్కనే ఒక జాబితా. అందులో న్యూక్లియోటైడ్ ఎంచుకో. పెట్టెలో ఎన్, ఎమ్, అండర్‌స్కోర్, ఆ తర్వాత 000518 కొట్టు. ఇది హెచ్‌బీబీ అనే జీన్ కాపీ నంబరు. హిమోగ్లోబిన్‌లో సగం భాగాన్ని తయారుచేసే జీన్ అదే. మన 11వ క్రోమోజోమ్ మీద ఉంటది.

పేజీ తెరుచుకోంగనే ఇంగ్లిష్ వరుసలు దండిగా కనబడతయి. భయపడకు, ఏదీ చదవకు. కిందికి జరుపుకుంట పో. అట్టడుగున ఆరిజిన్ అనే మాట కింద చిన్నబడి అక్షరాలు పదేసి పదేసి గుంపులుగా ఉంటయి. ప్రతి వరుసకు ముందు ఒక అంకె: 1, 61, 121... వరుసకు అరవై అక్షరాలన్నమాట. 61 అంకె ఉన్న వరుస మీద వేలు పెట్టు. మొదటి పది అక్షరాల గుంపు ఇట్ల ఉంటది: టీ, జీ, ఏ, సీ, టీ, సీ, సీ, టీ, జీ, ఏ. ఆ చివరి ఏ ఉన్నది చూసినవా? మొదటి నుంచి లెక్కపెడితే 70వది. మీ మేడం చెప్పిన అక్షరం అదే.

ఇప్పుడు కొంచెం లెక్క. మొదటి 50 అక్షరాలు ప్రోటీన్‌గా మారవు, అవి ముందుమాట లాంటివి. 51వ దగ్గర ఏటీజీ అని మొదలైతది. అక్కడి నుంచి మూడేసి అక్షరాలు విడగొట్టుకుంట పో, నోట్‌బుక్‌లో రాస్తే ఇంకా మంచిది: ఏటీజీ, జీటీజీ, సీఏటీ, సీటీజీ, ఏసీటీ, సీసీటీ, జీఏజీ. ఏడోది జీఏజీ. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలనే పూసల దండ, ప్రతి మూడక్షరాలు ఒక పూస పేరు చెప్తయి. జీఏజీ అర్థం గ్లుటామిక్ ఆమ్లం పెట్టు అని. నడుమ ఉన్న ఏ బదులు టీ వస్తే జీటీజీ అయితది, అంటే వాలీన్ పెట్టు అని. గ్లుటామిక్ ఆమ్లానికి నీళ్లంటే ఇష్టం, వాలీన్‌కు పడదు. ఆక్సిజన్ వదిలేసినప్పుడు ఈ వాలీన్ ఉన్న హిమోగ్లోబిన్‌లు ఒకదానికొకటి అతుక్కొని దారాల లెక్క బారుగా పెరుగుతయి. ఆ దారాలు లోపల నుంచి తోస్తే గుండ్రటి కణం కొడవలి అయితది. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటది. మీ అన్ననో తమ్ముడో పట్టుకొని ఏడ్చే నొప్పి అదే.

పుస్తకంలో ఆరో స్థానం అని ఉంటది, నీకు ఏడోది వస్తది. నువ్వు తప్పు లెక్కపెట్టలేదు. మొదటి అమైనో ఆమ్లం మెథియోనిన్‌ను కణం తర్వాత కత్తిరించి పారేస్తది. పాతవాళ్లు ప్రోటీన్‌ను కోసి చూసి లెక్కపెట్టిన్రు కాబట్టి వాళ్లకు అది ఆరోది. ఇప్పటివాళ్లు జీన్ మొదటి నుంచి లెక్కపెడతరు. ఈ రెండంకెల గొడవతో ప్రతి ఏడూ నా క్లాసులో అరగంట పోయేది.

ఇంకొక తికమక కూడా చెప్తా, ముందే తెలిస్తే మంచిది. అదే సైటులో ఈ మార్పుకు ఆర్‌ఎస్334 అని వేరే నంబరు ఉన్నది. అది తెరిస్తే ఏ నుంచి టీ అని ఉండదు, టీ నుంచి ఏ అని ఉంటది. క్రోమోజోమ్‌లో రెండు పోగులుంటయి కదా. ఈ జీన్ ఉన్నది ఎదురు పోగు మీద. క్రోమోజోమ్‌ను లెక్కపెట్టేవాళ్లు ఈ పక్క పోగును చదువుతరు. ఏ ఎదురుగా టీ, టీ ఎదురుగా ఏ. విషయం ఒక్కటే.

ఇంటర్నెట్ కనెక్షన్ మా డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే ఉన్న రోజుల్లో ఇది క్లాసులో చూపించిన. ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చిన పిల్ల ఒకామె లేచి వచ్చి స్క్రీన్ మీద వేలు పెట్టింది. "గిదేనా మేడం? గింతేనా?" అన్నది. వాళ్లింట్ల ఇద్దరు పోయిన్రట. నేను ఆ రోజు ఇంక పాఠం చెప్పలేకపోయిన.

అయితే ఒకటి మరువకు. నువ్వు ఫోన్‌లో చూసేది మీ పెద్దమ్మ కొడుకు రక్తం కాదు. అందరూ పోల్చుకోవడానికి పెట్టిన నమూనా అది. అతని రక్తంలో, నీ రక్తంలో ఏమున్నదో పరీక్ష చేస్తేనే తెలుస్తది. గోండు, కొలాం, కోయ గూడేల్లో ఈ జీన్ ఎక్కువ. కేంద్రం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, నలభై ఏండ్లలోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం. మీ పీహెచ్‌సీలో అడుగు, నువ్వు కూడా చేయించుకో. జీన్ రెండు కాపీల్లో ఒక్కటే మారినవాళ్లు మామూలుగానే ఉంటరు. మొగుడూపెండ్లాం ఇద్దరికీ మారిన కాపీ ఒక్కోటి ఉంటే, ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు రోగం వచ్చే అవకాశం. నెలనెలా నొప్పులంటున్నవు కాబట్టి హైడ్రాక్సీయూరియా అనే మందు సంగతి డాక్టరును అడగమని మీ పెద్దమ్మకు చెప్పు. చాలామందికి నొప్పులు తగ్గిస్తది. ఎవరికి, ఎంత ఇయ్యాలో మాత్రం డాక్టరే చెప్పాలె.

కరీంనగర్ నుంచి రిటైర్డ్ సోషల్ టీచర్: "అమ్మా, కోట్ల డాలర్లు పెట్టి కనిపెట్టిన సమాచారాన్ని అమెరికావాళ్లు తేరగా ఇస్తున్నరంటే ఏదో మతలబు ఉండాలె. ఏంది అది?"

సార్, మీరు జీవితమంతా వలసపాలన పాఠం చెప్పినవాళ్లు, మీకు అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం. మతలబు ఉన్నది. కానీ మీరు వెతికే చోట లేదు.

ముందుగా, ఇది ఒక్క అమెరికా గోడౌన్ కాదు. జెన్‌బ్యాంక్ 1982లో అక్కడ మొదలైంది. ఇంగ్లాండ్‌లో కేంబ్రిడ్జ్ పక్కన హింక్స్‌టన్ అనే ఊళ్లో ఒకటున్నది, జపాన్‌లో మిషిమాలో ఇంకొకటి. ఈ మూడూ రోజూ ఒకదానికొకటి నకళ్లు పంపుకుంటయి. ఏ ఒక్కదాని షట్టర్ పడ్డా సరుకు పోదు. పెద్ద సైన్స్ పత్రికలు కూడా సీక్వెన్స్‌ను, అంటే చదివిన డీఎన్‌ఏ అక్షరాల వరుసను, ఈ బ్యాంకుల్లో జమచేసి నంబరు చూపిస్తేనే వ్యాసం వేస్తయి. కాబట్టి దానగుణంతోనే అందరూ ఇచ్చిన్రని అనుకోకండి, మెడ మీద పత్రిక కత్తి ఉన్నది.

మనిషి జీనోమ్, అంటే మొత్తం డీఎన్‌ఏ, దగ్గరికొస్తే అది నిజంగానే కొట్లాట. 1996లో శాస్త్రవేత్తలు బెర్ముడా దీవిలో కూర్చొని, చదివిన డీఎన్‌ఏను 24 గంటల్లోపు అందరికీ కనబడేలా పెట్టాలని ఒప్పుకున్నరు. ఇంకోపక్క ఒక ప్రైవేటు కంపెనీ అదే జీనోమ్‌ను చదివి చందా కట్టినవాళ్లకు చూపిస్తనన్నది. ప్రభుత్వం పక్షాన ముక్కలు ముక్కలుగా ఉన్న డీఎన్‌ఏను అతికించే ప్రోగ్రామ్ లేదు. శాంటాక్రూజ్ యూనివర్సిటీలో జిమ్ కెంట్ అనే విద్యార్థి నాలుగు వారాలు కూర్చొని రాసిండు. రాత్రుళ్లు మణికట్లకు ఐసుగడ్డలు పెట్టుకొని మరీ టైపు కొట్టిండట. కంపెనీ కన్నా మూడు రోజుల ముందు, 2000 జూన్ 22న అతికింపు పూర్తయింది. జూలై 7న నెట్‌లో పెట్టిన్రు. ఇవాళ మా పిల్లలు చూసే యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ అనే సైటు వెనుక ఉన్నది ఆ మనిషే. నేను పూజించే దేవుళ్లు తక్కువ, ఆయనకు మాత్రం ఒక అగరుబత్తి.

ఇక మతలబు. ఉచితంగా ఉన్నదాన్ని వాడుకునే తాహతు అందరికీ సమానంగా లేదు. ఉట్నూర్ పిల్ల ఒక అక్షరం చూసి సంతోషపడుతది. మందుల కంపెనీ అదే పేజీని చూసి మందు చేసి మనకే అమ్ముతది. రెండోది, నమూనా జీనోమ్‌లో ఎక్కువ భాగం అమెరికాలో బఫెలో ఊరి ప్రకటన చూసి రక్తమిచ్చిన కొద్దిమందిది, అందులోనూ దాదాపు 70 శాతం ఒకే మగమనిషిది. మన జనం వివరాలు అక్కడ తక్కువ. మనవాళ్లు ఇప్పుడు ఆ పని పట్టుకున్నరు. ఫరీదాబాద్‌లో 2022లో మన సొంత బయోలాజికల్ డేటా సెంటర్ తెరిచిన్రు. దేశం నలుమూలల 10 వేల మంది జీనోమ్‌ల సమాచారాన్ని 2025 జనవరిలో అందులో పెట్టిన్రు. అది మాత్రం ఉట్నూర్ పిల్ల చూసినట్టు ఎవరంటే వాళ్లు చూడలేరు, పరిశోధకులు దరఖాస్తు పెట్టుకోవాలె. వరి జీనోమ్ ఎవరు చూసినా వరి సిగ్గుపడదు. మనిషిది అట్ల కాదు కదా.

హన్మకొండ నుంచి ఎమ్మెస్సీ విద్యార్థిని: "మిర్చి కాయకుళ్లు నుంచి ఫంగస్ పెంచి, ఐటీఎస్ (ఫంగస్‌ను గుర్తుపట్టడానికి వాడే డీఎన్‌ఏ భాగం) సీక్వెన్స్ చేయించిన. బ్లాస్ట్‌లో మొదటి పేరు 98 శాతంతో వచ్చింది, కొల్లెటోట్రైకమ్ క్యాప్సిసై. అదే రాసి పంపెయ్ అన్నరు. రాయొచ్చా?"

ఆగు తల్లీ, పంపకు.

బ్లాస్ట్ అనే వెతికే ప్రోగ్రామ్ 1990లో వచ్చింది. నీ సీక్వెన్స్‌ను బ్యాంకులో ఉన్న అన్నిటితో పోల్చి దగ్గరివాటిని పైన పెడతది. పేర్లు అది పెట్టదు. జమచేసినవాళ్లు సంచి మీద ఏ చీటీ అంటించిన్రో ఆ చీటీ చదివి వినిపిస్తది, అంతే. ఎనుమాముల యార్డులో బస్తా మీద రాసిన రకం చూసి లోపల అదే మిర్చి ఉన్నదని కొంటరా ఎవరన్నా? చెయ్యి లోపలికి పెట్టి నడుమ నుంచి తీసి చూస్తరు.

98 పక్కన ఇంకో అంకె ఉంటది, క్వెరీ కవర్ అని. అది ఎంతున్నదో నువ్వు రాయలేదు. నీ సీక్వెన్స్‌లో 20 శాతం ముక్కే కలిసి, ఆ ముక్కలో 98 శాతం సరిపోయినా అక్కడ 98 అనే కనబడతది. ముందు అది చూడు. తర్వాత ఈ-వాల్యూ. అది సున్నాకు ఎంత దగ్గరుంటే, ఆ పోలిక గుడ్డిగా తగిలింది కాదని అంత నమ్మకం. కానీ దగ్గరి చుట్టాలందరికీ సున్నాయే వస్తది, అన్నెవరో తమ్ముడెవరో అది చెప్పదు.

నీ ఫంగస్ దగ్గర అసలు చిక్కు ఇదే. కొల్లెటోట్రైకమ్‌లో అన్నదమ్ములు మస్తు మంది, ఐటీఎస్ ఒక్కటే చూసి వాళ్లను విడదీయలేం. యాక్టిన్, ట్యూబ్యులిన్, జీఏపీడీహెచ్ లాంటి ఇంకో రెండు మూడు జీన్లు కూడా చదివించాలె. పైగా క్యాప్సిసై అనే పేరు పాతది. 2009లో దాన్ని కొల్లెటోట్రైకమ్ ట్రంకేటమ్‌లో కలిపేసిన్రు. పాత చీటీలు బ్యాంకులో అట్లనే ఉన్నయి. పైసల్లేక ఇంకో జీన్ చదివించలేకపోతే "కొల్లెటోట్రైకమ్ జాతి" అని రాసి ఊరుకో. తక్కువ రాస్తే తప్పు కాదు.

ఇది నీకు నీతిగా చెప్పట్లేదు, నేను మునిగినదే. ఒకసారి నా దగ్గర ప్రాజెక్టు చేసే పిల్లగాడు చేపల మార్కెట్‌లో కొర్రమీను పిల్లలని కొనుక్కొచ్చిండు. రెక్క ముక్క కోసి, జంతువులను గుర్తుపట్టడానికి వాడే సీఓఐ జీన్‌ను హైదరాబాద్ పంపి చదివించినం, 650 అక్షరాల దాకా వచ్చినయి. బ్లాస్ట్‌లో మొదటి పేరు చన్నా స్ట్రయాటా, అంటే కొర్రమీనే. 99 శాతం. నేను సంతకం పెట్టేసిన. ఆ ఆదివారం నేనే మార్కెట్‌కు పోయి, ఫోన్‌లో ఆ చేప ఫొటో అమ్మే అవ్వకు ఊరికే చూపించిన. "ఇది కొర్రమట్ట ఎట్లయితది బిడ్డా, మట్టగిడస. ఒంటి నిండా చుక్కలు కనబడ్తలెవ్వా?" అన్నది. ఇంటికొచ్చి బ్లాస్ట్ మళ్లీ తెరిచి కిందికి పోయిన. రెండో వరుస నుంచి ఇరవయ్యో వరుస దాకా అన్నీ చన్నా పంక్టేటా. మొదటి ఒక్కదాని మీదే స్ట్రయాటా చీటీ. ఎవరో మట్టగిడసను కొర్రమీనని జమచేసిన్రు, నేను దాన్నే నమ్మిన. పంక్టేటా అంటేనే చుక్కలదని అర్థం, అదీ నాకు తెలుసు. సోమవారం పొద్దున సంతకం కొట్టేసి కొత్త పేజీ పెట్టించిన.

ఒక చిన్న గుర్తు. నంబరులో ఎన్‌ఎం, ఎన్‌సీ తర్వాత అండర్‌స్కోర్ ఉంటే అది రెఫ్‌సెక్ సరుకు, ఎన్‌సీబీఐ వాళ్లు ఏరి, సర్ది పెట్టింది. అండర్‌స్కోర్ లేకుంటే జమచేసినవాళ్ల మాట జమచేసినవాళ్లదే. మొదటి ఇరవై వరుసలు చూడు. పేరు ఒక్కటే ఉన్నదా, నాలుగున్నయా?

నర్సంపేట నుంచి రైతు: "వరి జీన్లన్నీ నెట్‌లో ఉన్నయని మా పెద్దోడు అంటున్నడు. మాకు బీపీటీలో ఎండాకు తెగులు వదుల్తలేదు. ఏ సీడు వెయ్యాల్నో ఆ నెట్ చెప్తదా?"

చెప్పదన్నా. సీడు సంగతి వరంగల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనో మీ ఏఈఓనో (వ్యవసాయ విస్తరణ అధికారి) అడగాలె. కానీ మీ పెద్దోడు అన్నది అబద్ధం కాదు.

2005లో వరి జీనోమ్ మొత్తం చదివిన్రు, 12 క్రోమోజోమ్‌లు. అందులో 11వ దాంట్లో మన దేశానికి వాటా ఉన్నది, ఢిల్లీలో చదివిన్రు. (మనిషి హిమోగ్లోబిన్ జీన్ కూడా 11లోనే. రెండింటికీ సంబంధం లేదు, నాకు గుర్తుండడానికి పనికొచ్చింది.) ఎండాకు తెగులును ఆపే ఎక్స్‌ఏ21 అనే జీన్ ఆఫ్రికాలోని ఒక అడవి వరి నుంచి వచ్చింది, 1995లోనే దొరికింది. దానికి తోడు ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13 కలిపి మూడింటినీ మన సాంబమసూరిలోకి, అంటే మీ బీపీటీలోకే, ఎక్కించిన్రు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, వరి పరిశోధన సంస్థ కలిసి చేసిన పని అది. ఇంప్రూవ్డ్ సాంబమసూరి అనే పేరుతో 2008లో వచ్చింది. తెగులు పెట్టి చూడకుండానే మొలకలోనే ఆకు ముక్క తీసి, జీన్ ఉన్నదా లేదా అని డీఎన్‌ఏ గుర్తుతో ఏరుకున్నరు. అది అగ్గితెగులుకో దోమకో మందు కాదు, ఎండాకు వరకే. మీ ఏఈఓను అడిగేటప్పుడు ఈ పేరు చెప్పండి.

మీ పెద్దోనికి ఒక పొడుపుకథ. నెట్‌లో ఉన్న నమూనా వరి జపాన్ రకం, నిప్పోన్‌బరే. అందులో ఎక్స్‌ఏ21 కోసం వెతకమనండి. చుట్టాలు దొరుకుతరు, అసలుది దొరకదు. ఎందుకో వచ్చే నెలకు రాసి పంపమనండి.

వరంగల్ నుంచి పరిశోధక విద్యార్థి: "నా జీన్ల పట్టికలో కొన్ని పేర్లు తేదీలైపోయినయి. ఏం చేయాలె మేడం?"

నువ్వొక్కనివే కాదు తమ్ముడూ. స్ప్రెడ్‌షీట్‌కు సెప్ట్2 అని కనబడితే సెప్టెంబర్ 2 అనుకుంటది. ఇట్లాంటి పట్టికలు జతచేసిన జీనోమ్ వ్యాసాల్లో దాదాపు అయిదింట ఒకదాంట్లో ఈ తప్పు ఉన్నదని 2016లో లెక్క తేల్చిన్రు. చివరికి 2020లో జీన్ల పేర్లు పెట్టే కమిటీయే తలొగ్గింది. సెప్ట్2 ఇప్పుడు సెప్టిన్2, మార్చ్1 ఇప్పుడు మార్చ్ఎఫ్1. కొత్త పేర్లు వాడు. పట్టిక తెరిచే ముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్ అని పెట్టుకో.

ఇప్పటికే మారినవాటిని చేత్తో దిద్దకు. మార్చ్1, మార్క్1 రెండు వేరు జీన్లు, కానీ ఇంగ్లిష్‌లో రాస్తే రెండూ మార్చి 1వ తేదీగానే మారతయి. ఏది ఏదో ఆ గడి నుంచి ఎవరూ చెప్పలేరు. డౌన్‌లోడ్ చేసిన అసలు ఫైలు ఇంకా ఉన్నదేమో చూడు.